దుర్గాంబ మొహంలో కోపం

2009 జూన్ 11

నేను ఆటలాడే మనిషిని కాను. ఈ మాట ముందే రాసి పెట్టుకోవడం మంచిది.

సోమశేఖర్ పట్టుబట్టాడు కాబట్టి ఈ డైరీ. అతను మానసిక వైద్యుడు. కరీంనగర్ నుంచి ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది. మా ఇన్‌స్టిట్యూట్ ప్రాజెక్టులో వైద్యం వైపు అతను, కెమెరా వైపు నేను. కంప్యూటర్ ఆటలకు బానిసలైన వాళ్ళ చేత అతను రోజూ డైరీ రాయిస్తాడు. ఎప్పుడు ఆడారు, ఆడనప్పుడు ఏమనిపించింది, దాచకుండా రాయాలి. వాళ్ళ బాధ మనకు అర్థం కావాలంటే మనమూ ఒక ఆట ఆడి, రాసి చూడాలన్నాడు. తను వారం ఆడి మానేశాడు. విసుగొచ్చిందట.

తెర ముందు కూర్చుంటే ఎవరికైనా రెప్పపాటు తగ్గుతుంది. ఆటకు బానిసైనవాడికి తెర ముందునుంచి లేచాక, ఊరికే కూర్చుని పాట వింటున్నా రెప్పలు తక్కువే పడతాయని మా అనుమానం. మెదడులో ఊరే డోపమైన్ అనే రసాయనానికీ రెప్పపాటుకూ సంబంధం ఉందని సోమశేఖర్ వాదన. నా ప్రోగ్రాం కెమెరాలో మొహాన్ని వెతికి, మొహంలో కళ్ళు వెతికి, రెప్పలు లెక్కపెడుతుంది. మామూలు మనిషైతే మొహం చుట్టూ పచ్చ గడి గీస్తుంది, బానిస అయితే ఎర్ర గడి. రక్తం తీయక్కర్లేదు, ప్రశ్నలు వేయక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో దుర్గను తీసుకుని ఈ ఊరొచ్చి, అప్పట్నుంచీ యంత్రాలకు చూపు నేర్పుతూనే ఉన్నాను. ఇది కుదిరితే మనుషులకు పనికొచ్చే పని ఒక్కటైనా చేసినవాణ్ణవుతాను.

రేపటినుంచి ఆట.

జూన్ 12

దీని పేరు లాంతర్ల దీవి. తుపాకులు లేవు, రాక్షసులు లేరు. మంచు కమ్మిన దీవి, ఎప్పుడు చూసినా సంధ్యవేళే. దారి పక్కనున్న లాంతర్లు వెలిగించుకుంటూ నడవాలి. వెలిగించినకొద్దీ మంచు వెనక్కి జరిగి కొత్త దారి కనిపిస్తుంది. ఆట మూసేస్తే మన లాంతర్లు ఒక్కటొక్కటే ఆరిపోతాయి. అంతే. పిల్లలాట.

జూన్ 13

పొద్దున తెరిచేసరికి సగం ఆరిపోయి ఉన్నాయి. మళ్ళీ వెలిగించాను. పరిశీలన కోసమే.

జూన్ 30

ఖిదిర్‌పూర్‌లో నెట్ సెంటర్ నడిపే గవరయ్యతో మాట్లాడి వచ్చాను. వాళ్ళది శ్రీకాకుళం వైపు, తండ్రి రేవులో కూలి. అతని దగ్గర పొద్దస్తమానం ఆడేవాళ్ళను మాకు పంపిస్తానన్నాడు. తిరిగొస్తూ ట్రామ్ ఎక్కాను. వాన వెలిసింది. మైదాన్ మీద పొగలాంటి ఆవిరి, చెట్ల మధ్య దూరంగా ఒక్కొక్క దీపం. ట్రామ్ ఆ తడిలో మెల్లగా, చప్పుడే లేనట్టు పోతోంది. నాకు ఉత్తరపు రేవు గుర్తొచ్చింది. ఆ దీపాల్లో ఒకటి ఆరితే లేచి వెళ్ళి వెలిగించాలనిపించింది. దిగాల్సిన చోట దిగలేదు, ఎస్ప్లనేడ్ దాకా పోయి మెట్రోలో వెనక్కి వచ్చాను.

ఉత్తరపు రేవు దీవిలోది. ఎవరు చదువుతారని ఈ వివరణ?

జూలై 8

దుర్గ మాట్లాడటం లేదు. మాట్లాడుతుంది, గొంతు పెగలనట్టు. మొహం మాత్రం గంటు పెట్టుకుంది.

ఇవాళ భోజనాల దగ్గర మా డైరెక్టర్ సంగతి చెప్పాను. ఆయన ప్రసంగం మధ్యలో కరెంటు పోయింది. ఆయన చీకట్లోనే మాట్లాడుతూ పోయారు. కరెంటొచ్చాక చూస్తే హాలు ఖాళీ. అయినా ఆ కుర్చీలకు ధన్యవాదాలు చెప్పి మరీ దిగారు. ఇలాంటివి చెబితే దుర్గ ఒకప్పుడు పొలమారేటట్టు నవ్వేది. ఇవాళ నా వైపు చూస్తూ కూర్చుంది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

కంప్యూటర్ ముందు కూర్చుంటున్నానని కోపం. ఇది నా ఉద్యోగమని పాతికేళ్ళ తర్వాత కొత్తగా చెప్పాలా?

జూలై 19

సింహాచలమ్మ కూడా కనిపెట్టింది. పొద్దున కార్పొరేషన్ డ్యూటీలో భవానీపూర్ వీధులూడ్చి, ఆ తర్వాత మా ఇంట్లో పనికొస్తుంది. మెట్ల దగ్గర నన్ను ఆపి మెల్లగా అడిగింది.

"అమ్మగోరికి మీ మీద కోపమొచ్చినట్టుంది బాబూ. మొకం సూత్తే తెలస్తాలేదా? ఏటి సేసినారేటి?"

ఏమీ చేయలేదన్నాను. అది నిజం. ఆమె దిష్టి తీస్తానంటే, నీ ఇష్టం అన్నాను.

జూలై 20

దీవికి తూర్పున మెట్లబావి ఉంది. దిగినకొద్దీ దిగుతూనే ఉండొచ్చు. అడుగున నీళ్ళలో పైన వెలిగించిన లాంతర్లన్నీ కనిపిస్తాయి. అక్కడ అప్పుడప్పుడూ ఇంకో ఆటగాడు తగులుతాడు, పేరూ ఊరూ తెలియదు. ఎదురైతే తల వంచుతాడు, నేనూ వంచుతాను. ఈ నెలలో నన్ను చూసి ఎవరి మొహమైనా విచ్చుకుందంటే అతనిదే. ఆటలో ఆ బొమ్మకు మొహమే లేకపోయినా.

ఆగస్టు 7

ముగ్గు చిన్నదైపోయింది. మా ఫ్లాటు గుమ్మంలో దుర్గ వేసే ముగ్గు చూడటానికి పై అంతస్తు ముఖర్జీ గారి భార్య పనిగట్టుకుని దిగి వచ్చేది. శ్రావణ శుక్రవారం వస్తే మెట్ల దాకా పాకేది. ఇవాళ శ్రావణ శుక్రవారమే. గడప పక్కన అరచేతిలో పట్టేంత ముగ్గు, గీతలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఇంతేనా అని అడిగితే, చెయ్యి సాగడం లేదండీ అంది. మనసు సాగడం లేదని అర్థం. నాకు తెలియదా?

చారునిండా ఇంగువ. నోట పెట్టలేకపోయాను. వాసన తెలియడం లేదండీ అంది. జలుబు చేసుంటుందన్నాను. నేనప్పటికే లేచి వెళ్ళి దీవిలో రేవు దగ్గరున్నాను, చెయ్యి ఖాళీ లేదు.

ఆగస్టు 18

ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో చూద్దామని నేనే కెమెరా ముందు కూర్చున్నాను. ఎర్ర గడి వచ్చింది.

ట్యూబులైటు వెలుగు కళ్ళజోడు మీద పడుతోంది.

ఆగస్టు 19

ట్యూబులైటు మార్పించాను. కళ్ళజోడు తీసి కూర్చున్నాను. ఎర్ర గడే.

లెన్సులో ఏదో లోపముంది.

ఆగస్టు 24

బంద్. కిటికీలోంచి చూస్తే రోడ్డు నడిమధ్య క్రికెట్ ఆడుతున్నారు, వికెట్ల బదులు ఎర్ర జెండా కర్రలు. బస్సుల్లేవు, మెట్రో లేదు, ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళక్కర్లేదు. కాలం గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడిచి కూర్చున్నట్టుంది. పొద్దున్నే కాఫీ పెట్టుకుని దీవిలోకి వెళ్ళాను. మెట్లబావి దాటి వెదురు తోట, వెదురు తోట దాటి ఒక వంతెన. వంతెన అవతలంతా మంచే. ఆ మంచులో ఎవరో హార్మోనియం మీద ఒకే స్వరం పట్టుకుని సాగదీస్తున్నారు. వీధిలోదో, దీవిలోదో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మధ్యాహ్నం దుర్గ అన్నం పట్టుకొచ్చి పక్కన నిలబడిందట. చాలాసేపు నిలబడిందట, సింహాచలమ్మ చెప్పింది. సాయంత్రం చల్లారిన పళ్ళెం చూశాను.

ఒక్క మాట అనొచ్చు కదా. ఆ మొహంతో నిలబడితే నేనేం చెయ్యను?

సెప్టెంబర్ 5

ఆటల జోలికి పోని మామూలు మనుషుల్ని కూడా రికార్డు చేయాలి. పోల్చి చూడటానికి. నా సహోద్యోగుల ఇళ్ళ ఆడవాళ్ళు వస్తామన్నారు. దుర్గను అడిగితే, వస్తానంది. మొహం చూస్తే వెలి వేసినట్టుంది, మాటేమో వస్తానని. ఈ మనిషి నాకు అర్థం కాదు.

సెప్టెంబర్ 9

ఇవాళ జరిగింది రాయాలి.

దుర్గ ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాను. అందరిలాగే, ఊరికే వింటూ ఉండమన్నాను. నేను మానిటర్ ముందు నిలబడ్డాను. ఆమె కళ్ళు పెద్దవిగా, తెరుచుకుని, ఎటో చూస్తున్నట్టున్నాయి. చెరువులో నీళ్ళు గాలి లేనప్పుడు అలా ఉంటాయి. ఎంతసేపటికీ రెప్ప పడదు. పడితే ఒకటి. మళ్ళీ ఎంతకీ పడదు. పాట అయ్యేసరికి ఆమె మొహం చుట్టూ ఎర్ర గడి. ఖిదిర్‌పూర్ నుంచి గవరయ్య పంపినవాళ్ళెవరికీ ఇంత తక్కువ రాలేదు.

ముందు తెల్లబోయాను. తర్వాత నవ్వొచ్చింది. దుర్గ జన్మలో ఏ ఆటా ఆడలేదు, మౌస్ పట్టుకోవడం కూడా రాదు. ఆమెను బానిస అంటోందంటే ప్రోగ్రాం తప్పు. ప్రోగ్రాం తప్పైతే ఆగస్టులో నాకొచ్చిన ఎర్ర గడీ తప్పే.

ఎన్నాళ్ళకో గుండె తేలికపడింది. దుర్గ నన్ను కాపాడింది. ఇంటికి వెళ్తూ దారిలో ఆమెకిష్టమని సందేశ్ మిఠాయి కొన్నాను. సోమశేఖర్‌కి ఒక కాగితం రాసి పెట్టాను, కెమెరాలో లోపం, నా రికార్డూ దుర్గాంబదీ పక్కన పడేయాలి అని.

ఇవాళ హాయిగా వంతెన దాటాను.

సెప్టెంబర్ 26

దుర్గాష్టమి. రాయాలని లేదు. రాస్తాను.

పక్క వీధి అమ్మవారి పందిరికి వెళ్ళాం. జనం, ఢాక్ డోళ్ళ మోత, ధూపం పొగ. పొగలో రంగుల బల్బులు అలుక్కుపోయి, ఏది దగ్గరో ఏది దూరమో తెలియని వెలుగు. వంతెన అవతల నా లాంతర్లు ఆరిపోయే వేళయిందని మనసు లాగుతోంది. ముందు నడిచాను. వెనక్కి చూస్తే దుర్గ లేదు.

వెదికితే పందిరి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అక్కడ నేల మీద అడ్డంగా ఒక తాడు. జనం ఆమెకు రెండు వైపులా పారుతున్నారు. రమ్మని చెయ్యి ఊపాను. కదల్లేదు. దగ్గరికి వెళ్ళి పిలిచాను. నన్నే చూస్తోంది, అదే మొహం. నలుగురి మధ్యా నన్ను సాధించాలని మొండికేసిందనుకున్నాను. చెయ్యి పట్టుకుని గుంజాను. గట్టిగానే గుంజాను. తూలి నా మీద పడింది. వెనక ఎవరో వదినను జాగ్రత్తగా పట్టుకో దాదా అని బెంగాలీలో అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

రిక్షా ఎక్కించి తీసుకొచ్చాను. ఇంటికి రాగానే నేను ఈ గదిలోకి, ఆమె ఆ గదిలోకి.

అక్టోబర్ 3

దీవి.

అక్టోబర్ 4

దీవి.

అక్టోబర్ 22

సోమశేఖర్ ఇంటికి వచ్చాడు. పొద్దున్నే, ఫోను కూడా చేయకుండా.

దుర్గ ఉప్మా పెట్టింది. అతను ఆమె నడక చూస్తున్నాడు, గిన్నె పట్టుకున్న చెయ్యి చూస్తున్నాడు. తిన్నాక, మేడమ్ ఒకసారి బొటనవేలితో చూపుడువేలు తట్టుతరా, తొందర తొందరగా అన్నాడు. ఎడమచెయ్యి బాగానే తట్టింది. కుడిచెయ్యి రెండు మూడు సార్లు తట్టి, చిన్నదై, ఆగిపోయింది. హాలు ఆ చివర్నుంచి ఈ చివరకు నడవమన్నాడు. ఎడమచెయ్యి ఊగుతోంది. కుడిచెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. అది అలా ఉందని నేను ఎప్పుడూ చూడలేదు.

దుర్గ కాఫీకి లోపలికి వెళ్ళాక నాతో అన్నాడు.

"మీరు కెమెరా తప్పని రాసిన్రు సార్. నేను మేడమ్ వీడియో మళ్ళ మళ్ళ చూసిన. కెమెరా తప్పు కాదు. ఆటకు బానిసైనా రెప్పలు తగ్గుతయి, పార్కిన్సన్స్ జబ్బులో కూడా తగ్గుతయి. జబ్బులో మొహం కూడా బిగుసుకపోతది. నవ్వినా, ఏడ్చినా బయటికి కనిపించది. చూసేటోళ్ళు కోపమనుకుంటరు. న్యూరాలజిస్టుకు చూపెట్టాలె సార్, లేటు చెయ్యొద్దు."

ఎన్ని నెలలసంది ఇట్లున్నరు అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

తెలియదు. ఒకే ఇల్లు, పిల్లలు కూడా లేరు చూడటానికి. ఉన్నదల్లా ఆ ఒక్క మొహమే.

అక్టోబర్ 29

పార్కిన్సన్సే.

అక్టోబర్ 30

నిన్న రాయలేకపోయాను.

డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదైన మనిషి. ఒక వాక్యం రాయమని దుర్గకు కాగితం ఇచ్చింది. దుర్గ తెలుగులో రాసింది. మొదటి అక్షరం శనగగింజంత, చివరిది ఆవగింజంత. ఈ జబ్బులో రాత ఇలా కుంచించుకుపోతుందని ఆవిడ చూపించింది. ముగ్గూ అంతే కదా అన్నాను. వాసన పోవడం అన్నిటికంటే ముందొచ్చే గుర్తట. గుమ్మం దగ్గర, గీతల దగ్గర కాలు నేలకు అంటుకుపోవడం కూడా ఇందులోదేనట. పందిట్లో తాడు దగ్గర నేను ఆ చెయ్యిని గుంజాను.

నయం కాదు, మందులతో నడుస్తుంది, చాలా ఏళ్ళు నడుస్తుందని చెప్పింది. ముందే వచ్చి ఉంటే ఈ నెలలు ఇంత బాధ ఉండేది కాదంది. నన్ను నిందించడానికి అన్న మాట కాదు.

నవంబర్ 2

ఆట తీసేశాను.

నవంబర్ 3

మళ్ళీ పెట్టాను. లాంతర్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఎక్కడా ఏమీ కనిపించలేదు. అయినా చాలాసేపు అక్కడే తిరిగాను.

నవంబర్ 8

అడిగాను. నాకెందుకు చెప్పలేదు దుర్గా అని.

వరండాలో కూర్చుని ఉంది. మాటకు మాట వెతుక్కుంటూ, ఆ సన్నని గొంతుతో చెప్పింది. చెప్పానండీ అంది. వాసన తెలియడం లేదని చెప్పింది, చెయ్యి సాగడం లేదని చెప్పింది, పందిట్లో కాలు రావడం లేదని కూడా చెప్పిందట, ఆ మోతలో నాకు వినపడలేదు. తర్వాత మానేసింది. ఆమె మొహం చూడగానే నేను తల తిప్పుకుని వెళ్ళిపోతుంటే, ఏదో తప్పు చేశాననుకుందట.

"మీకే నా మీద కోపమనుకున్నానండీ" అంది.

కోపం ఎవరికీ లేదు. ఇంత కాలం ఈ ఇంట్లో ఎవరికీ కోపం లేదు. లేని కోపానికి జడిసి నేను దీవి పట్టుకుని పోయాను.

మా డైరెక్టర్ కుర్చీలకు ధన్యవాదాలు చెప్పిన సంగతి అడిగాను. ఆ పూట నవ్వలేదేం అన్నాను. లోపల్లోపల కడుపుబ్బ నవ్వానండీ, అంది. వినగానే లేచి లోపలికి వచ్చేశాను. ఏడవడానికి వేరే గది ఉంది కదా నాకు.

నవంబర్ 25

మందులు పడుతున్నాయి. నడక కొంచెం సాగింది. సింహాచలమ్మ ఆమె కుడిచేతికి నూనె రాస్తోంది, దిష్టి మాత్రం ఇంకా తీస్తూనే ఉంది. మొహం విచ్చుకోవడానికి టైము పడుతుందట, పూర్తిగా విచ్చుకోకపోవచ్చట.

సోమశేఖర్ దీని మీద పేపరు రాద్దామంటున్నాడు. రెప్పపాటు చూసి బానిసనూ జబ్బునూ వేరుచేయాలంటే ఇంకేం కొలవాలి, చెంపలు కదిలే తీరా, పెదవులా? మంచి ప్రశ్న. పాతికేళ్ళ పనిలో ఇంత మంచి ప్రశ్న నాకు తగల్లేదు. వీడియో వాడుకోవచ్చా అని దుర్గను అడిగాను. వాడుకోండి, అంది. తర్వాత నెమ్మదిగా, మీకంటే కెమెరాయే నన్ను ముందు చూసింది కదండీ, అంది. ఎత్తిపొడుపో, వేళాకోళమో, మామూలుగా అన్నదో మొహం చూసి పోల్చుకోలేకపోయాను. అదే ఇప్పుడు నా బతుకు.

డిసెంబర్ 11

కెమెరా ముందు మళ్ళీ కూర్చున్నాను. ఎర్ర గడి. ఈసారి తీసేయలేదు. సోమశేఖర్‌ని పిలిచి చూపించి, నా పేరు కూడా నీ రోగుల్లో రాసుకో అన్నాను. అతను ఆశ్చర్యపోలేదు. కుర్చీ లాగి, చెప్పండి సార్ అన్నాడు. చాలాసేపు చెప్పాను. దీవి ఎంత బాగుంటుందో కూడా చెప్పాను.

డిసెంబర్ 30

ఆడలేదు.

డిసెంబర్ 31

ఆడాను. కొంచెంసేపు.

2010 జనవరి 10

దుర్గ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున కాఫీ తాగుతూ నా ఎదురుగా కూర్చుని, ఇప్పుడు నా మొహంలో ఏముందో చెప్పండి అంటుంది. నేను చూసి చెప్పాలి. మొదటి రోజు సంతోషమన్నాను. కాదు, ఆకలి అంది. రెండో రోజు నిద్ర అన్నాను. కాదు, మీ చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, అందుకు నవ్వుతున్నాను అంది. రోజూ ఓడిపోతున్నాను. ఓడిపోతే వంటిల్లు నాది, ఆ వంటా మాడుతోంది. కానీ చూస్తున్నాను. కనుకొలకులు, ముక్కు పక్క గీత, గొంతు దగ్గర కదలిక. జనమంతా ఇలా చూసుకుంటారా, లేక పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేనొక్కణ్ణే మొదలుపెట్టానా?

జనవరి 17

పొద్దున ఊరంతా మంచు. ఎదుటి మేడ లేదు, వీధి లేదు, పాలవాడి సైకిల్ గంట మాత్రం ఎక్కడో వినిపిస్తోంది. వరండాలో మేమిద్దరం, రెండు గ్లాసులు. దుర్గ శాలువా కప్పుకుని కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో సన్నగా వణుకుతోంది, ఆ వణుకు కొత్తది.

చెప్పండి, అంది.

చాలాసేపు చూశాను. తొందరపడలేదు. ఇన్నాళ్ళూ అనుకున్న మాటే మళ్ళీ నోటికొచ్చింది. కోపమా అన్నాను.

"కాదండీ. భయం."

కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆ చెయ్యి పట్టుకున్నాను. కాఫీ చల్లారిపోయింది, మంచు ఇంకా విడలేదు. నాకూ భయంగానే ఉందని ఆమెతో చెప్పాను.